పురి తిప్పిన తీగ

బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో కాపురముండేవాళ్లకు బెళ్లందూరు చెరువంటే నురగే గుర్తొస్తుంది. కానీ రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆ నీటిమీద విమానాలు దిగేవి. సముద్రంమీద గస్తీ తిరిగే కాటలీనా అనే నీటివిమానాలు మరమ్మతు కోసం వచ్చి అక్కడ వాలేవి. చెరువు అవతల, కొద్ది దూరంలోనే హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారం. 1940 డిసెంబరులో మైసూరు సంస్థానం అండతో వాల్‌చంద్ హీరాచంద్ దాన్ని స్థాపించారు. 1943లో అమెరికా సైన్యం దాన్ని తన అజమాయిషీలోకి తీసుకుంది. విమానాలు తయారుచేసే ఊరని పేరు రాకముందే బెంగళూరు వాటిని బాగుచేసే ఊరైంది.

ఎంత ఆరితేరిన ఫిట్టరైనా అలిసిపోయిన వేళ ఒక నట్టు మరిచిపోవచ్చు. విమానాలు బాగుచేసే ఈ వృత్తి ఆ సంగతిని మొదటే ఒప్పుకుంది. నాకు దానిమీద గౌరవం కలగడానికి మొదటి కారణం అదే. పద్ధతులన్నీ ఆ ఒప్పుకోలు నుంచి పుట్టినవే.

లాకింగ్ వైరునే తీసుకోండి. ఇంజను అదురుకు బోల్టులు వదులవుతాయి. అందుకని బోల్టు తలకు సన్నని రంధ్రం చేసి, ఉక్కుతీగ దూర్చి, రెండు పోగులనూ పురిపెట్టి పక్క బోల్టుకు కడతారు. కట్టే దిక్కులోనే ఉంది కిటుకంతా. ఒక బోల్టు వదులవబోతే తీగ దాన్ని బిగింపు వైపే లాగాలి. దిక్కు తప్పితే, చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా ఆ కట్టు దండగే. పురి వదులైతే తీగ ఆడుతుంది, మరీ బిగిస్తే తెగుతుంది. ఒకసారి విప్పిన తీగను మళ్లీ వాడరు. తనిఖీకి వచ్చినవాడు స్పానరు పట్టకుండానే, కంటిచూపుతో పని నాణ్యత పసిగడతాడు.

పనిముట్ల బోర్డుమీద ప్రతి స్పానరుకూ దాని ఆకారంలోనే గుర్తు గీసి ఉంటుంది. పని ముగిశాక ఒక్క గుర్తు ఖాళీగా కనిపించినా, ఆ పనిముట్టు దొరికేదాకా విమానం కదలదు. కాక్‌పిట్ అడుగున జారిపోయిన స్క్రూడ్రైవరు కంట్రోళ్లకు అడ్డుపడితే పైలట్ చేయగలిగింది ఉండదు.

ఆపైన ఫారం 700 అనే రికార్డు పుస్తకం. ఏ లోపం వచ్చింది, ఎవరు సరిచేశారు, ఎవరు చూశారు అన్నీ అందులోకి ఎక్కాలి, సంతకాలతో సహా. కంట్రోళ్ల జోలికి వెళ్లిన పనైతే, చేసినవాడు కాక మరొకడు విడిగా పరీక్షించాలి. ఇదే హెచ్‌ఎస్‌ఆర్‌లో సాఫ్ట్‌వేర్ రాసే మన కుర్రాళ్లు, ఒకరి కోడ్‌ను మరొకరు చూడందే విడుదల చేయరు కదా, అలాంటిదే. విమానాల్లో మాత్రం తప్పు గాలిలో బయటపడుతుంది. ఎగిరేముందు పైలట్ ఆ పుటలు చదివి సంతకం పెడతాడు. తాను చూడని చేతులను నమ్మి ఎక్కుతున్నాడన్నమాట.

ఈ నమ్మకానికి పెద్ద పరీక్ష కాన్పూరులో ఎదురైంది. యుద్ధం ముగిశాక బ్రిటిష్ వైమానిక దళం బి-24 లిబరేటర్ బాంబర్లను మళ్లీ ఎగరకుండా పాడుచేసి అక్కడ వదిలేసింది. హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ మెకానిక్‌లు వాటిని బెంగళూరు దాకా ఎగరగలిగేంత మేరకు అక్కడే సరిచేశారు. టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ వాటిని నడిపి తెచ్చారు. బెంగళూరులో మరమ్మతు పూర్తయింది. 1948 నవంబరులో భారత వైమానిక దళపు 5వ స్క్వాడ్రన్ ఆ విమానాలతోనే మొదలైంది. 1968 దాకా అవి ఆ దళంలో పనిచేశాయి. వాటిలో ఒకదాన్ని భారత్ 1974లో బ్రిటన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియానికి కానుకగా ఇచ్చింది. అది అక్కడిదాకా తన రెక్కలమీదే ఎగిరి వెళ్లింది.