గొంతు విప్పే ముందు

'ది క్యూర్' బృందం 'సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్' ఆల్బమ్‌లో మొదటి పాట 'అలోన్'. మూడు నిమిషాలు దాటినా ఇందులో గాయకుడు నోరు విప్పడు. డ్రమ్స్ నింపాదిగా నడుస్తాయి. కీబోర్డు స్వరాలు పొరమీద పొరగా పరుచుకుంటాయి. అడుగున సైమన్ గ్యాలప్ బేస్ గిటార్ గరగరమంటూ ఉంటుంది. అప్పుడు గానీ రాబర్ట్ స్మిత్ గొంతు రాదు. ఈ ఆల్బమ్ పనితనమంతా నాకు ఆ ఆలస్యంలోనే కనిపించింది.

మన ఆలాపన లాంటిదే కదా అనిపించవచ్చు. కాదు. ఆలాపనలో రాగం విచ్చుకుంటూ పోతుంది, ఇక్కడ ఒకే స్వరాల వరుస తిరిగి తిరిగి వస్తుంది. మారేది దాని బరువు. నాలుగోసారి వచ్చేసరికి అదే వరుస మొదటిసారి కన్నా దిగులుగా వినబడుతుంది.

ఇంగ్లండులోని క్రాలీలో పుట్టి, పంక్ హోరు తగ్గుతున్న 1970ల చివర్లో వెలుగులోకి వచ్చిన బృందమిది. 2008 తర్వాత పదహారేళ్లు కొత్త ఆల్బమ్ లేదు. 2024 నవంబరు 1న ఇది వచ్చేనాటికి స్మిత్‌కు 65 ఏళ్లు. అప్పటికే తల్లినీ తండ్రినీ అన్న రిచర్డ్‌నూ పోగొట్టుకున్నాడు. ఎనిమిది పాటలూ ఆయన ఒక్కడే రాశాడు. 'అలోన్'కు ఎర్నెస్ట్ డౌసన్ కవిత 'డ్రెగ్స్' ప్రేరణ. ఆ పాట కుదిరాకే ఆల్బమ్‌కు దారి తెరుచుకుందని స్మిత్ చెప్పాడు.

అన్న మీద రాసిన 'ఐ కెన్ నెవర్ సే గుడ్‌బై' వినండి. పియానో మీద నాలుగైదు స్వరాల చిన్న వరుస, పిల్లలు కూడా వాయించగలిగేంత సాదా. దాన్ని ఆయన ఎక్కడా అలంకరించలేదు. మాటలూ అంతే, పోలికలు తక్కువ. ఇంత పెద్ద దుఃఖం చేతిలో ఉండి, పాటను పెంచకుండా నిగ్రహించుకోవడం మామూలు సంగతి కాదు.

'వార్‌సాంగ్', 'డ్రోన్:నోడ్రోన్' పాటల్లో రీవ్స్ గాబ్రెల్స్ గిటార్ మోత ఎక్కువ. నాకవి మిగతావాటంత లోతుగా తాకలేదు. అయినా ఆ రెండూ లేకపోతే ఈ 49 నిమిషాల నిదానాన్ని మోయడం కష్టమయ్యేది.

చివరిది 'ఎండ్‌సాంగ్', పది నిమిషాలు దాటిన పాట. ఆరు నిమిషాలపాటు జేసన్ కూపర్ డ్రమ్స్ బరువుగా, దాదాపు ఒకే తీరున మోగుతుంటే, పైన గిటార్లు మెల్లగా మండుకుంటూ పైకి లేస్తాయి. 1969లో చందమామ మీద మనిషి కాలుపెట్టిన రోజుల్లో ఆకాశంకేసి చూసిన పిల్లాడు, ముసలితనం అంచున నిలబడి ఆ లోకం ఏమైపోయిందని అడిగే పాట ఇది. ఆ ప్రశ్నను మొదటి నిమిషంలోనే అడిగివుంటే ఒక ముసలాయన నిట్టూర్పుగా విని ఊరుకునేవాళ్లం. ముందు అంతసేపు నిలబెట్టాడు కాబట్టి, ఎన్నేళ్లు గడిచాయో మాటల్లో చెప్పకముందే మనకు తెలిసిపోతుంది. అందులో ఒక్క నిమిషం తగ్గించమన్నా నేను ఒప్పుకోను.