నీళ్లు కాని నీళ్లు

ధర్మవరంలో పంపు కావాలని వచ్చినవాళ్లు ముందు చెప్పేది హార్స్‌పవర్. ‘మూడు హెచ్‌పీ సరిపోతుందా సార్, ఐదు వేద్దామా?’ సీమలో ఈ ప్రశ్న సహజం. మనకు పంపంటే బోరు మోటారు. ఎన్ని అడుగుల లోతు, ఎన్ని అంగుళాల పైపు, ఎన్ని స్టేజీలు అనే లెక్క బడికి పోని రైతుకూ నోటికి వచ్చు. హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకం ఆ లెక్కనే పెద్దది చేసి చూపించింది. మల్యాల దగ్గర శ్రీశైలం వెనుక జలాలను తోడి, మెట్టు మెట్టుగా ఎత్తిపోసి, పెనుకొండ పక్కన గొల్లపల్లి రిజర్వాయరు దాకా తెచ్చారు. ఎంత ఎత్తుకు, గంటకు ఎంత అన్నది తెలిస్తే అక్కడ పంపు చాలావరకు తేలిపోతుంది. పారేది నీళ్లు కాబట్టి.

పట్టు అద్దకం షెడ్డులో పారేది నీళ్లు కాదు. అందుకే నేను హెచ్‌పీ మాట చివరికి వాయిదా వేస్తాను. ముందు అద్దకం మేస్త్రితో కూర్చుంటాను. ఎర్రమంచిలో 2019లో మొదలైన కియా వంటి కార్ల ఫ్యాక్టరీల్లో ప్రతి ద్రవానికీ డేటా షీటు రాసుకుంటారు. ధర్మవరం వీధిలో ఆ షీటు మేస్త్రి తలలో ఉంటుంది. అడిగి రాసుకునే ఓపిక ఉండాలి, అంతే.

ముడి పట్టు దారం మీద సెరిసిన్ అనే జిగురు ఉంటుంది. దారం బరువులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా అదే. సబ్బు, సోడా వేసిన నీళ్లలో 90 డిగ్రీలు దాటించి ఉడికిస్తే అది కరిగిపోతుంది. పట్టుకు మెరుపు, మెత్తదనం వచ్చేది అప్పుడే. దారం తీశాక పాత్రలో మిగిలిన దాంట్లో క్షారం, నురగ, జిగురు, వేడి నాలుగూ ఉంటాయి. ఒక్కొక్కటీ పంపులో ఒక్కో చోట దెబ్బ తీస్తుంది. అల్యూమినియాన్ని వేడి క్షారం తినేస్తుంది. నురగతో గాలి లోపలికి చేరి, సెంట్రిఫ్యూగల్ పంపు తిరుగుతూనే ఉన్నా తోడటం మానేస్తుంది. రాత్రి ఆపినప్పుడు జిగురు చల్లారి సీలు ముఖాల మధ్య అతుక్కుంటుంది. పొద్దున స్విచ్ వేసిన క్షణాన సీలు దెబ్బతింటుంది. ‘కంపెనీ సీలు మంచిది కాదు’ అంటారు. నిజానికి ఆ సీలుకు కావలసింది ఆపే ముందు రెండు నిమిషాలు వేడి మంచినీళ్లతో కడగడం.

వేడి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పంపు నీళ్లను పైకి లాగుతుందని మనందరం అంటాం. నిజానికి అది తన నోటి దగ్గర ఒత్తిడి తగ్గిస్తుంది, బయటి గాలి బరువు నీళ్లను లోపలికి తోస్తుంది. సముద్ర మట్టం దగ్గర ఆ బరువు పది మీటర్లకు పైగా నీటి ఎత్తుతో సమానం. ధర్మవరం సుమారు 350 మీటర్ల ఎత్తున ఉంది, హిందూపురం 600 మీటర్లు దాటి ఉంది. పైకి పోయేకొద్దీ గాలి బరువు తగ్గుతుంది. పైగా 90 డిగ్రీల నీటి ఆవిరి ఒత్తిడే ఏడు మీటర్లు మింగేస్తుంది. చేతిలో మిగిలేది హిందూపురంలో రెండున్నర మీటర్లు, ధర్మవరంలో మూడుకు కాస్త తక్కువ. అందులో పైపు రాపిడి పోవాలి, పంపు తన సొంతానికి అడిగేది పోవాలి. మామూలు పంపుకు ఆ రెండూ పోగా ఏమీ మిగలదు. నీళ్లు పంపు లోపలే ఆవిరై, బుడగలు ఇంపెల్లర్ మీద పగులుతాయి. గులకరాళ్లు తిప్పుతున్నట్టు చప్పుడు వస్తుంది. అప్పుడు మోటారు పెద్దది చేస్తే చప్పుడు పెరుగుతుందే తప్ప నీళ్లు పెరగవు. నేల మీద పంపు పెట్టి తొట్టి కొంచెం ఎత్తులో కట్టుకుంటే, ఆ నీళ్లు తమంతట తామే పంపులోకి దిగుతాయి. ఆ పని చేసేది తాపీమేస్త్రి, ఖర్చు కొన్ని ఇటుకలు. పంపు ఎంపికలో సగం పంపు బయటే ఉందని నేను నమ్మేది ఇందుకే.

రంగు తొట్టి దగ్గర కథ మారుతుంది. పట్టుకు వేసే యాసిడ్ రంగులు పట్టాలంటే ఎసిటిక్ ఆమ్లం కావాలి. ఆమ్లం ఉంది, ఉప్పుబోరు నీళ్ల క్లోరైడూ ఉంటే 304 స్టీలుకు సన్నని గుంటలు పడతాయి. మాలిబ్డినం కలిసిన 316 మరికొంత కాలం తట్టుకుంటుంది. పాలీప్రొపిలీన్ పంపు ఈ రెంటినీ లెక్కచేయదు గానీ 80 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలుపెడుతుంది. పంపు సీళ్లలో వేసే రబ్బరు విషయంలో ఒక నమ్మకం నన్ను బాధిస్తుంది. ధర ఎక్కువ కాబట్టి వైటనే మంచిదని అడిగి మరీ వేయించుకుంటారు. ఎసిటిక్ ఆమ్లానికీ వేడి క్షారానికీ వైటన్ ఓర్చుకోదు. చవకైన ఈపీడీఎం ఇక్కడ హాయిగా పనిచేస్తుంది. అదే ఈపీడీఎం నూనె తగిలితే ఉబ్బిపోతుంది. ‘ఏ రబ్బరు మంచిది’ అని అడిగినవారికి, దేనికి అని తిరిగి అడగకుండా జవాబు చెప్పకూడదు.

రంగు నీళ్లను శుద్ధి చేయడానికి సున్నం, పటిక వంటివి వేస్తే రంగు రేకులు కట్టి అడుగుకు దిగుతుంది. ఆ బురదను వేగంగా తిరిగే పంపుతో తోడితే కట్టిన రేకులన్నీ చితికిపోతాయి, చేసిన శ్రమ వృథా. ఇక్కడ స్క్రూ పంపు కావాలి. 1930 ప్రాంతంలో ఫ్రాన్స్‌కు చెందిన రెనే మొయినో కనిపెట్టినది. రబ్బరు గొట్టంలో మెలి తిరిగిన ఇనుప కడ్డీ నెమ్మదిగా తిరుగుతూ బురదను నలగకుండా ముందుకు నడుపుతుంది. తొట్టి ఖాళీ అయ్యాక కూడా తిరిగితే నిమిషాల్లో ఆ రబ్బరు కాలిపోతుంది. అందుకని దాని పక్కన డ్రై రన్ రక్షణ తప్పనిసరి.

స్క్రూ పంపుకు సేఫ్టీ వాల్వు కూడా అంతే తప్పనిసరి. సెంట్రిఫ్యూగల్ పంపు ముందు వాల్వు మూస్తే ఒత్తిడి ఒక హద్దు దగ్గర ఆగుతుంది. స్క్రూ పంపుకు అలాంటి హద్దు లేదు. ఏదో ఒకటి పగిలేదాకా తోస్తూనే ఉంటుంది. 1679లో డెనిస్ పాపెన్ ఆవిరితో వండే మూసిన పాత్ర చేశాక దానికి బరువు కట్టిన వాల్వు అమర్చాల్సి వచ్చింది. మూడు వందల ఏళ్లు దాటినా ఆ వాల్వు ‘తర్వాత పెట్టిద్దాం సార్’ జాబితాలోనే ఉంటోంది. ఆవిరి బాయిలరుకు 1923 నుంచీ చట్టం ఉంది, 2025లో కొత్తదీ వచ్చింది, తనిఖీ ఉంటుంది. బురద పంపు ముందు ఎవరు వాల్వు మూశారో చూడటానికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. ఆ పక్కన నిలబడేది కూలికి వచ్చిన కుర్రాడు. బురదను పిండే ఫిల్టర్ ప్రెస్‌కైతే నేను గాలితో నడిచే డయాఫ్రమ్ పంపునే ఇష్టపడతాను. ప్రెస్ నిండి ఎదురు ఒత్తిడి గాలి ఒత్తిడికి సమానమైతే అది దానంతటదే ఆగిపోతుంది.

శుద్ధిలో చివరి మెట్టు ఆర్‌వో (రివర్స్ ఆస్మోసిస్). సముద్రపు నీటిని మంచినీరు చేయాలంటే 55 నుంచి 70 బార్ల ఒత్తిడి పెట్టాలి. అద్దకం నీళ్లకు ఉప్పును బట్టి అంతకన్నా తక్కువతో మొదలవుతుంది. మంచినీరు ఎక్కువ పిండాలని చూసేకొద్దీ మిగిలిన నీరు ఉప్పగా మారి ఇంకా ఒత్తిడి అడుగుతుంది. ఆ మిగిలిన ఉప్పు నీటికి ఏ పంపూ పరిష్కారం కాదు. దాన్ని మోరీలోకి వదిలితే చెరువుకో, చిత్రావతి నదికో, పక్కింటి బోరుకో చేరుతుంది. కాబట్టి యజమానితో కాగితం మీద ముందు ఆ ఉప్పు నీళ్ల దారి గీయిస్తాను: ఎండబెట్టే మడుగు ఎక్కడ, దాని అడుగున షీటు పరుస్తారా, మిగిలిన ఉప్పును ఎవరు ఎత్తుతారు. ఆ గీత పూర్తయ్యాకే హై ప్రెషర్ పంపుకు కొటేషన్ అడుగుతాను.