పొలానికో పేజీ

నరసన్నపేట నుంచి జాతీయ రహదారి వెంట ఏ వైపు వెళ్లినా కొత్త భూముల ఆఫీసులు కనిపిస్తున్నాయి. భోగాపురం విమానాశ్రయానికీ, సంతబొమ్మాళి మండలంలోని మూలపేట ఓడరేవుకీ 2023లో కొద్ది రోజుల తేడాతో శంకుస్థాపనలు జరిగాయి. అప్పటినుంచి వంశధార ఒడ్డున మా శ్రీముఖలింగం చుట్టుపక్కల కూడా పొలం మాట ఎత్తితే ముందు ధరే అడుగుతున్నారు. నా మేనల్లుడు కూడా అలాంటి ఆఫీసు ఒకటి మొదలుపెట్టాడు. బోర్డు రాయించకముందే వచ్చి, "మావయ్యా, సీఆర్ఎం ఏటి తీసుకోమంటావు?" అని అడిగాడు. అమ్మేవాళ్ల, కొనేవాళ్ల వివరాలు, వాళ్లతో జరిగిన మాటలు ఒకచోట దాచుకునే సాఫ్ట్‌వేర్ అది. ఏళ్ల తరబడి దస్తావేజులు రాస్తున్న నాకు ఆ ప్రశ్న ఎంతో నచ్చింది. భూమి వ్యాపారంలో డబ్బు కన్నా ముందు పుస్తకం గురించి ఆలోచించేవాళ్లు అరుదు.

వాడు చేయబోయేది మామూలు కమీషన్ పని కాదు. రైతుతో ధర కుదుర్చుకుని, బయానా ఇచ్చి అగ్రిమెంటు రాయించుకుంటాడు. గడువులోగా కొనే పార్టీని వెతికి, రిజిస్ట్రేషన్ నేరుగా ఆ పార్టీ పేరునే చేయిస్తాడు. మధ్యలో తేడా వాడికి మిగులుతుంది. అమెరికాలో దీన్ని హోల్‌సేలింగ్ అంటారు. మన వైపు పేరు లేకపోయినా పని పాతదే. దాని ఆయువుపట్టంతా అగ్రిమెంటులోని ఒక్క వాక్యంలో ఉంది: "తమరికి గానీ, తమరు కోరిన వారికి గానీ రిజిస్టరు చేయించి ఇవ్వగలవాడను." ఈ వాక్యం రాసిన ప్రతిసారీ రైతుకు చదివి వినిపిస్తాను. ఆ 'కోరిన వారు' రేపు ముఖం కూడా తెలియని మనిషి కావచ్చని విడమరిచి చెబుతాను. ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం అగ్రిమెంటు ఒక్కదానితో భూమి మీద హక్కు రాదు. అమ్ముతానన్న మాట మాత్రమే చేతికొస్తుంది. కాబట్టి నా మేనల్లుడు కొనేదీ, చేతులు మార్చేదీ ఆ మాటనే. అది ఏ పుస్తకంలో భద్రంగా ఉంటుందో తేల్చుకోవడమే సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడమంటే.

వాడి జాబితాలో చెన్నై వాళ్ల జోహో ఉంది, అమెరికా వాళ్ల హబ్‌స్పాట్, సేల్స్‌ఫోర్స్ ఉన్నాయి, అక్కడి హోల్‌సేలర్లు చాలామంది వాడిన పోడియో ఉంది. ఏదీ కాకపోతే ఫోన్‌లో వాట్సాప్ బిజినెస్, ఒక ఎక్సెల్ షీటు ఎలాగూ ఉన్నాయి. ఫీచర్ల పట్టికలు పక్కన పెట్టి, జలుమూరు మండలంలో వాడు మాట్లాడుతున్న ఎకరా ముప్పై సెంట్ల పల్లం భూమిని ఒక్కోదాంట్లో ఎక్కించి చూద్దామన్నాను.

మొదటి గడి దగ్గరే ఆగిపోయాం. పేరు, ఫోన్ నంబరు, ఈమెయిల్ అడిగింది. పాస్‌బుక్‌లో ఉన్న పేరు కాలం చేసిన పెద్దాయనది. ఫోన్ నంబరు హైదరాబాద్‌లో ఉంటున్న మనవడిది. ఈమెయిల్ ఆ ఇంట్లో ఎవరికీ లేదు. పేరుతో వెతుకుదామా అంటే మా వైపు వీధికో అప్పలస్వామి, ఇంటికో సింహాచలం, ఊరికి ఇద్దరు ముగ్గురు ముఖలింగాలు. తండ్రి పేరూ, ఇంటిపేరూ, ఏ వీధో చెబితే తప్ప మనిషి తేలడు. ఇంగ్లీషులో రాస్తే ఒకే పేరు నాలుగు రకాలుగా పడి, నలుగురు మనుషులుగా కూర్చుంటుంది.

ఈ సాఫ్ట్‌వేర్లలో చాలావరకు మనిషిని కేంద్రంగా పెట్టుకుని కట్టినవే. ఒక మనిషి, ఒక నంబరు, ఒక కొనుగోలు అన్న లెక్క వాటిది. మన భూమి అలా ఉండదు. ఆ ఎకరా ముప్పై సెంట్లకు సంతకం పెట్టాల్సినవాళ్లు ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. ఒకరు చెన్నైలో, ఒకరు విశాఖలో, ఒకరు గల్ఫ్‌లో ఉన్నారు. ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని ఆడపిల్లలకు మన రాష్ట్రం 1985 సెప్టెంబరు నుంచే సమాన హక్కు ఇచ్చింది. 2005లో కేంద్ర సవరణ కూతుళ్లందరికీ ఆ హక్కు తెచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా బేరాల్లో ఆడపడుచుల పేర్లు చివరికి గుర్తొస్తాయి. సాఫ్ట్‌వేర్‌లో వాళ్లకు మొదటి రోజే గడి లేకపోతే రిజిస్ట్రేషన్ నాడు గొడవ ఖాయం.

అందుకే నా మొదటి షరతు: పుస్తకంలో పేజీ పొలం పేరున ఉండాలి, మనుషులు ఆ పేజీలోకి రావాలి. పాత సర్వే నంబరు, 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన ఊళ్లలో కొత్త ఎల్‌పీఎం (ల్యాండ్ పార్శిల్ మ్యాప్) నంబరు రెండూ పక్కపక్కన ఉండాలి. ఈసీ ఒక నంబరుతో, అడంగల్ ఇంకో నంబరుతో వస్తే రెండూ ఒకే చెక్క అని తెలియాలి కదా. విస్తీర్ణం సెంట్లలోనూ గజాల్లోనూ కనబడాలి. రైతు ఎకరా లెక్కన చెబుతాడు, పట్నం పార్టీ గజం ధర అడుగుతుంది. ఎకరాకు 4,840 గజాలు, సెంటుకు 48.4. ఆ గుణకారం ఫోన్‌లో నోటితో చెప్పేటప్పుడు తప్పితే నష్టం లక్షల్లో ఉంటుంది.

రెండో షరతు భూమి స్వభావం. జిరాయితీయా, డి పట్టానా, ఇనామా, దేవస్థానానిదా అన్నది మొదటి వరసలోనే ఉండాలి. డి పట్టా భూములు చేతులు మారకుండా కట్టడి చేసే 1977 నాటి చట్టం ఉంది. దేవాదాయ, ప్రభుత్వ భూములు 22ఏ నిషేధిత జాబితాలో ఉంటాయి. మా ఊరి లాంటి గుడి ఊళ్లో ఆ జాబితా చూడకుండా బయానా ఇవ్వడం రైతుకూ కొనేవాడికీ కూడా అన్యాయమే. పైగా శ్రీముఖలింగం ఆలయాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 2010 చట్ట సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త కట్టడాలు కూడదు. ఆపైన 200 మీటర్లలో అనుమతి కావాలి. ఇల్లు కట్టుకుందామని కొనేవాడికి ఇది బయానా రోజునే తెలియాలి. ఈ గడులు నింపితే తప్ప తర్వాతి దశకు వెళ్లనివ్వని సాఫ్ట్‌వేర్ అయితే మరీ మంచిది.

మూడోది తేదీలు. బయానా ఎంత, ఎప్పుడు, ఏ బ్యాంకు ద్వారా ఇచ్చామన్నది రాయాలి. స్థిరాస్తి అడ్వాన్సు 20,000 రూపాయలు, ఆపైన ఉంటే నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2015 జూన్ నుంచి నిషేధించింది. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే తప్ప పన్ను పడే ఆదాయం లేని సందర్భానికి మినహాయింపు ఉంది గానీ, వ్యాపారం చేసేవాడికి అది వర్తించదు. గడువు తేదీకి ముందే మనల్ని తట్టి లేపే రిమైండర్ కావాలి. పార్టీ దొరకకపోతే ఆ సంగతి రైతుకు ముందుగా చెప్పే బాధ్యత మనది. గడువు దాటాక ఫోన్ ఎత్తని మధ్యవర్తుల వల్ల పొలం అమ్ముకోనూ లేక, దున్నుకోనూ లేక నిలిచిపోయిన ఇళ్లు మా చుట్టూ ఉన్నాయి.

ఇక నేను గట్టిగా వద్దన్న సంగతి ఒకటుంది. అమెరికా హోల్‌సేలింగ్ సాఫ్ట్‌వేర్లలో కొన్ని, పన్ను బకాయి పడ్డవాళ్లు, విడాకుల్లో ఉన్నవాళ్లు, అప్పు కట్టలేక ఇల్లు పోగొట్టుకోబోతున్నవాళ్ల జాబితాలు ఎక్కించుకుంటాయి. ఎవరికి అవసరం ఎక్కువో మార్కులు వేసి, వాళ్లకు వరసగా ఫోన్లు కలుపుతాయి. ఈ వ్యాపారంలోని దూకుడు చూసే ఇల్లినాయ్ రాష్ట్రం 2019లో, ఏడాదికి ఒకటికి మించి ఇలాంటి బేరాలు చేసేవాళ్లకు లైసెన్సు పెట్టింది. 2021లో ఓక్లహోమా కూడా లైసెన్సు తప్పనిసరి చేసింది. మన జిల్లాలో అలా మార్కులు వేస్తే పైకి తేలేవాళ్లెవరు? ఉద్దానంలో కిడ్నీ జబ్బు వైద్యానికి అప్పులైన కుటుంబం, పెళ్లి పెట్టుకున్న తండ్రి, వలస వెళ్లి చేను చూసుకోలేని కొడుకు. వాళ్ల కష్టాన్ని అంకెగా మార్చి బేరానికి వాడే గడి నా మేనల్లుడి పుస్తకంలో ఉండకూడదు. ఎవరో అమ్మే నంబర్ల జాబితాలూ వద్దు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మనిషి సమ్మతిని ముందు పెట్టింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనలు మామూలు నంబర్ల నుంచి ప్రచార కాల్స్ చేయడాన్ని ఒప్పుకోవు. ప్రతి నంబరు పక్కనా 'ఎవరిచ్చారు' అన్న గడి పెట్టించాను. రేపు లేఅవుట్లలో ప్లాట్లు అమ్మిపెట్టే పనికి దిగితే 2016 రెరా చట్టం కింద ఏజెంటుగా రిజిస్టరు కావాలి, లెక్కలూ పత్రాలూ భద్రపరచాలి. ఈ అలవాటు అప్పుడు అక్కరకొస్తుంది.

పుస్తకం ఎలా రాయాలో మా ఊరికి తెలుసు. మధుకేశ్వరాలయంలో గాంగుల కాలపు శాసనాలున్నాయి. ఏ శక సంవత్సరంలో, ఎవరు, ఏ దీపానికి ఏమిచ్చారు, దాన్ని నడిపే బాధ్యత ఎవరిది అని చెక్కించి ఉంది. ఇక్కడికి దగ్గరలోని పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తిగారు ఆ పాత లిపిని ఎవరూ నేర్పకుండానే సొంతంగా నేర్చుకుని చదివారు. రాయించినవాళ్లు తేదీ, దాత, వస్తువు, బాధ్యుడు నాలుగూ విడవకుండా రాయించబట్టే ఇన్ని వందల ఏళ్లకూ వాటి అర్థం తెలుస్తోంది. సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించే ప్రతి ఫోన్ సంభాషణకూ ఆ నాలుగూ ఉండాలని నేను పట్టుబట్టాను. 'మాట్లాడాను' అని రాస్తే చాలదు. ఎవరితో, ఎప్పుడు, ఏమని, తర్వాత చేయాల్సింది ఎవరు అన్నది రాయాలి.

ఇన్ని షరతుల మీద వాట్సాప్ లేబుళ్లు నిలబడలేదు. ఎక్సెల్ షీటు మొదటి పది పొలాల వరకు బాగానే పనిచేస్తుంది. ఒక పొలానికి అయిదుగురు, ఒక మనిషికి మూడు పొలాలు తగిలే చోట అది చిక్కుపడుతుంది. పోడియోలోనూ, జోహోలో డబ్బు కట్టే కొన్ని ప్లాన్లలోనూ మనకు కావలసిన పేజీని మనమే కట్టుకోవచ్చు. గడుల పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. మేం జోహో వైపు మొగ్గాం. డబ్బు కట్టేముందు మూడు పనులు చేయించాను: సమాచారం మొత్తం షీటుగా బయటికి తీసి చూడటం, సిగ్నల్ అందని చోట ఫోన్‌లో తెరిచి చూడటం, ఆఫీసులో కుర్రాడు మానేస్తే అతని లాగిన్ ఎలా ఆపాలో తెలుసుకోవడం. ఏ కంపెనీదైనా ఈ మూడూ తేలకుండా ఏడాది చందా కట్టవద్దు.

చివరి పరీక్ష అన్నిటికన్నా పెద్దది. ఆ పొలం పేజీని తెలుగులో ప్రింటు తీసి రైతు చేతిలో పెట్టగలమా? కుదిరిన ధర, ఇచ్చిన బయానా, గడువు, కొనే పార్టీ పేరు, ఆ పార్టీకి మనం చెప్పిన ధర అన్నీ అందులో ఉండాలి. "తేడా తెలిస్తే రైతు ఊరుకుంటాడా మావయ్యా?" అన్నాడు మేనల్లుడు. ఊరుకోకపోతే ఆ తేడా ఎక్కువని అర్థం, తగ్గించుకోమన్నాను. అయిదుగురి సంతకాలు కూర్చడం, లింక్ డాక్యుమెంట్లు వెతికించడం, కొలత వేయించడం, పార్టీని తేవడం కష్టమైన పనులే. వాటికి న్యాయమైన ప్రతిఫలం ఇంత అని రాసి చూపిస్తే కాదనే రైతును నేను పెద్దగా చూడలేదు. ఎలాగూ రిజిస్ట్రేషన్ రోజున అమ్మేవాడు, కొనేవాడు, మధ్యవర్తి ఒకే బల్ల ముందు నిలబడతారు. అక్కడ బయటపడే లెక్కను ముందే మనం చెబితే నమ్మకం మిగులుతుంది.

ఈ పనిలోకి వస్తున్న కుర్రాళ్లందరికీ చెప్పేదిదే. రైతుకు చూపించలేని గడి ఒక్కటి కూడా మీ పుస్తకంలో పెట్టుకోకండి. ఈ ఒక్క నియమం పెట్టుకున్నాక సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం సగం రోజు పని.