సైన్స్ ఫెయిర్ రాకెట్ ఎందుకు ఎగరదు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ స్కూలు సైన్స్ ఫెయిర్‌కి వెళ్లినా ఒక రాకెట్ తప్పకుండా కనిపిస్తుంది. థర్మాకోల్‌తో చేసి, తెల్లరంగు వేసి, మూడు రంగుల జెండా అంటించి బల్ల మీద నిలబెడతారు. జడ్జీలు రాగానే ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె దాని దశలన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేస్తుంది. ఘన ఇంధనం, ద్రవ ఇంధనం, క్రయోజెనిక్... బహుమతి ఇస్తారు, ఫొటో తీస్తారు. మర్నాటికి ఆ రాకెట్ స్టాఫ్ రూమ్ బీరువా మీదికెక్కుతుంది. దాని ప్రయాణం అక్కడికే. ఇది ఎగురుతుందా అని అడిగిన జడ్జిని నేనింతవరకూ చూడలేదు.

ఈ విషయంలో నాకు పట్టుదల పుట్టించింది ఒక పెన్సిల్. సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన మా మేనల్లుడు తెచ్చిన మోడల్ రాకెట్ కిట్ అది. చూడ్డానికి అచ్చం పసుపుపచ్చ పెన్సిలే: ముందు చెక్కిన మొన, వెనకాల గులాబీ రంగు రబ్బరు. విప్పితే అట్ట గొట్టం, ప్లాస్టిక్ ముక్కు, పల్చటి పారాచూట్. పెన్సిల్‌కి రెక్కలుండవు కదా, అందుకని కంటికి ఆనకుండా అద్దంలాంటి ప్లాస్టిక్ రెక్కలిచ్చారు. జిగురు పూసి, ఆరనిచ్చి, మళ్లీ పూసి, రెక్కలు తిన్నగా నిలిచాయో లేదో గొట్టం చివరినుంచి ఒంటికన్నుతో చూసుకుంటూ కూర్చోవడం నాకు భలే నచ్చింది. ఎప్పుడెప్పుడు ఎగరేద్దామా అని ఆత్రపడేవాళ్లకి ఈ పని అబ్బదు.

అంతా అయ్యాక చూస్తే మోటారు లేదు. "అది మందుగుండు కదా మావయ్యా, విమానంలోకి రానివ్వరు" అన్నాడు వాడు.

ఆ మోటారంటే 18 మిల్లీమీటర్ల మందం, 70 మిల్లీమీటర్ల పొడవున్న అట్టగొట్టం, అందులో దట్టించిన తుపాకి మందు. మీద సీ6-5 అనో, బీ6-4 అనో అచ్చువేసి ఉంటుంది. అక్షరం మోటారు మొత్తం శక్తి ఏ తరగతిదో చెబుతుంది. మొదటి అంకె సగటు తోపుడు, న్యూటన్లలో. చివరి అంకె, మందు కాలిపోయాక పారాచూట్‌ని బయటికి తోసే చిన్న పేలుడుకి ముందు ఎన్ని సెకన్లు ఆగాలో. దీనికి ఆద్యుడు శాస్త్రవేత్త కూడా కాదు. నెబ్రాస్కా రాష్ట్రంలోని నార్ఫోక్ అనే ఊళ్లో చెప్పుల షాపు నడుపుకునే ఆర్విల్ కార్లైల్ 1954లో తయారుచేశాడు. అక్కడి కుర్రాళ్లు ఇనప గొట్టాల్లో మందు కూరి వేళ్లు పోగొట్టుకుంటున్న రోజులవి. రాకెట్ల పరీక్షా కేంద్రంలో పనిచేసే హ్యారీ స్టైన్ దీన్ని చూసి, ఇదే మార్గమన్నాడు. బాణసంచా కుటుంబంలో పుట్టిన వెర్న్ ఎస్టెస్ ఆ మోటార్లని వరసగా తయారుచేసే యంత్రం కట్టాడు. వాళ్లు పెట్టుకున్న ముఖ్య నియమం ఇది: మందు కూరే పని పిల్లల చేతికి ఇవ్వకూడదు, మిగతా రాకెట్ అంతా వాళ్లతోనే చేయించాలి.

మన దగ్గర నడిచింది సరిగ్గా దీనికి తలకిందులు. మా చిన్నప్పుడు దీపావళికి నెల ముందే అరుగుల మీద సూరేకారం, గంధకం, బొగ్గు నూరేవాళ్లు. జువ్వలు, చిచ్చుబుడ్లు ఇంట్లోనే కూరేవాళ్లు. మందు చేతికొచ్చేది, లెక్క మాత్రం వచ్చేది కాదు. ఏటా ఏదో ఒక ఊళ్లో చేతులు కాలేవి. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 నాటి నిబంధనలు లైసెన్సు లేనిదే మందు తయారు చెయ్యొద్దంటాయి. నేను ఆ చట్టం పక్షమే. టపాకాయలు విప్పి ఆ మందుని కిట్ గొట్టంలో పోస్తే సరిపోదా అని అడిగిన పెద్దమనిషికి కూడా అదే చెప్పాను, కాస్త గట్టిగానే. అయితే ఆ జువ్వ కట్టినవాళ్ల తెలివిని తీసిపారెయ్యలేం. దాని తోకకి కట్టే పొడుగాటి ఈనెపుల్ల చేసే పనీ, నా పెన్సిల్ అద్దపు రెక్కలు చేసే పనీ ఒకటే. గాలి వెనక భాగాన్ని పట్టుకోవాలి, బరువు ముందుండాలి. అప్పుడే ముక్కు ముందుకి చూస్తుంది.

పెన్సిల్ పేరుతో చరిత్రకెక్కిన అసలు రాకెట్ జపాన్‌ది. టోక్యో శివారు కొకుబుంజిలో 1955 ఏప్రిల్ 12న హిడెయో ఇతొకావా బృందం దాన్ని అందరి ముందూ ప్రయోగించింది. పొడవు 23 సెంటీమీటర్లు, మందం 18 మిల్లీమీటర్లు, అంటే ఇప్పటి బొమ్మ మోటారు మందమే. దాన్ని పైకి కూడా వదల్లేదు. నేలకి అడ్డంగా పేల్చి, వరసగా కట్టిన తెరల్ని చీల్చుకుంటూ ఎలా పోతోందో కొలుచుకున్నారు. చేతిలో ఉన్నదానితో మొదలుపెట్టడమంటే అదీ.

మన చేతిలో ఉన్నది కూల్‌డ్రింక్ సీసా, సైకిల్ పంపు, నీళ్లు. పెన్సిల్‌ని అల్మరాలో పెట్టి, పిల్లల్ని వెంటేసుకుని నేను వీటిమీద పడ్డాను. రెండు లీటర్ల సీసా తీసుకోవాలి. మంచినీళ్ల సీసా పనికిరాదు, అది ఒత్తిడికి నిలవదు. గ్యాస్ నిండిన పానీయం సీసా ఆ ఒత్తిడి కోసమే పుట్టింది. మూడో వంతు నీళ్లు పోసి, సైకిల్ ట్యూబు వాల్వు బిగించిన రబ్బరు బిరడా మూతికి దట్టంగా పెట్టి, బోర్లా నిలబెట్టి గాలి కొట్టాలి. ఒత్తిడి పట్టు మించగానే బిరడా ఊడుతుంది. నీళ్లు కిందికి తన్నుకొస్తాయి, సీసా పైకి లేస్తుంది. నీళ్లన్నీ అరసెకను కూడా పట్టకుండా ఖాళీ అయిపోతాయి, ఆ తర్వాతంతా ఆ వేగం మీద వెళ్లడమే. మూడంతస్తుల మేడని సులువుగా దాటుతుంది. నీళ్లు లేకుండా ఉత్త గాలితో కొట్టి చూపిస్తే పిల్లలకి అసలు సంగతి అర్థమవుతుంది: సీసా చిన్న గెంతు గెంతి పడిపోతుంది. వెనక్కి విసరడానికి బరువు కావాలి. నిండా నీళ్లు పోసినా అంతే, గాలికి చోటుండదు. మరి ఎంత పొయ్యాలో పిల్లలే గీతలు పెట్టుకుని, పోసి, వదిలి తేల్చుకోవాలి. తొమ్మిదో తరగతి న్యూటన్ మూడో నియమం అక్కడ నోటితో చెప్పక్కర్లేదు.

వాల్వు బిగించి ఇచ్చిన పంక్చర్ షాపు అతను నవ్వి, "ఇదేటి బావూ, ఎగురుద్దా?" అన్నాడు. కాసేపాగి, "ఎగరడం సరే, ఎటెల్తాదో సూసుకోండి" అని కూడా అన్నాడు. అసలైన ప్రశ్న రెండోదే.

రెక్కలకి మేం ఎన్నికల ఫ్లెక్సీలు అంటించిన పల్చటి ఫోమ్ బోర్డు కోసుకున్నాం. నాయకుల మొహాలు అలా గాల్లోకి లేస్తుంటే పిల్లలకి మహా సరదా. ముక్కులో నాగావళి బంకమట్టి ముద్ద. తర్వాత గరిమనాభి దగ్గర దారం కట్టి తల చుట్టూ తిప్పి చూడాలి. ముక్కు ముందుండి తిరిగితే రాకెట్ సిద్ధం. తోక ముందుకొచ్చిందంటే ఇంకాస్త మట్టి, లేదా ఇంకాస్త పెద్ద రెక్క. పలాస జీడిపప్పు ఆకారంలో చేస్తానని ఒక గడుగ్గాయి పట్టుబట్టాడు. చెయ్యనిచ్చాం. వంకర రాకెట్ వంకరగానే పోయింది, కానీ ఎందుకలా పోయిందో ఆ రోజు అందరికంటే బాగా చెప్పింది వాడే. వింత ఆకారాల కిట్లు అమ్మేవాళ్ల రహస్యం కూడా ఇదే కావచ్చు: తిన్నని గొట్టం అడగని ప్రశ్నలు వంకరది అడుగుతుంది.

కళింగపట్నం ఒడ్డున ఇంకో తమాషా. మధ్యాహ్నం గాలి సముద్రం మీంచి ఊరివైపు కొడుతుంది. రాకెట్ కూడా ఊరివైపే పోతుందని అందరూ అటు పరిగెత్తుతారు. అది మాత్రం గాలికి ఎదురుతిరిగి సముద్రం వైపు వాలుతుంది, ఎందుకంటే రెక్కలున్న తోకని గాలి వెనక్కి నెడుతుంది, ముక్కు గాలివైపు తిరుగుతుంది. పైన క్యారీబ్యాగ్ పారాచూట్ విచ్చుకుంటే అదే గాలి దాన్ని మోసుకొచ్చి సరుగుడు తోటలో పడేస్తుంది. పొందూరు ఖద్దరుతో పారాచూట్ కడదామని ఒకరన్నారు. ఖద్దరు మీద ఎంత గౌరవమున్నా, ఆ బరువుకి క్యారీబ్యాగే మేలు.

సీసాల నుంచి అసలు రాకెట్ల దగ్గరికొస్తే, 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి లేచిన విక్రమ్-ఎస్ 89.5 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్లింది. మన దేశంలో ప్రైవేటు సంస్థ తయారుచేసి ఎగరేసిన మొదటి రాకెట్ అదే. దాన్ని చేసిన స్కైరూట్ వ్యవస్థాపకుల్లో ఒకరైన పవన్ కుమార్ చందనది మన పక్కనున్న విశాఖపట్నమే. అలాంటివాళ్ల ఫొటోలు చార్టుల మీద అంటించి ఊరుకోవడం నాకు సరిపడదు. హెడ్మాస్టర్లకీ, సైన్స్ మాస్టార్లకీ నా మనవి ఇది: ఈ ఏడు ఎగరని రాకెట్‌కి బహుమతి ఇవ్వకండి. ఎగిరి అడ్డంగా పడినా సరే, ఎగిరినదానికే ఇవ్వండి.

చేయించేటప్పుడు కొన్ని జాగ్రత్తలు మరవకండి. పంపుకి పొడుగాటి గొట్టం వేసి పిల్లల్ని పాతిక అడుగుల దూరంలో నిలబెట్టండి. ఒత్తిడి ఎక్కిన సీసా మీదికి ఎవర్నీ వంగనివ్వొద్దు. గీతలు పడినదాన్ని, నలిగినదాన్ని పారెయ్యండి. వేడి జిగురు వాడితే ప్లాస్టిక్ మెత్తబడి బలం తగ్గుతుంది, టేపు చాలు. కరెంటు తీగలు లేని మైదానం ఎంచుకోండి. ఒకవేళ సీసా పోయి తీగల్లో చిక్కుకుంటే దాన్నక్కడే వదిలెయ్యండి, కర్రలు పట్టుకుని ఎవరూ వెళ్లొద్దు.