సూపర్‌మాన్ తొలికథ: రెండు పాఠములు

సీగెల్ రచించి షుస్టరు చిత్రించిన సూపర్‌మాన్ తొలికథ 1938లో అమెరికాయందు ‘ఆక్షన్ కామిక్స్’ ప్రథమసంచికలో వెలువడినది. జన్మవృత్తాంత మొక పుటలో ముగియఁగనే, నాయకుఁడు కట్టివేసిన యొక స్త్రీని మోసికొని రాత్రివేళ గవర్నరు గృహమునకుఁ బరుగిడుచుండును. (అప్పటి కతఁ డెగురలేఁడు, దుముకును.) ఆమె హంతకురాలని యెట్లెఱిఁగెనో చెప్పఁబడలేదు.

1939లో ‘సూపర్‌మాన్’ ప్రథమసంచిక యీ కథనే పునర్ముద్రించుచు, మూఁక చంపఁబోయిన ఖైదీని నాయకుఁడు కాపాడుటయు, వానివలన నిజ మెఱుఁగుటయు ముందు చేర్చినది. సంగతి కుదిరినది, వేగము తగ్గినది. పూర్ణపాఠమే మేలనువారు లేకపోలేదు. నాకు మొదటిదే రుచించును. సంపుటములు గూర్చువారు రెండవదానిని ముద్రించి 1938 అని వ్రాసినచో, కారణ మెఱుఁగక యా పరుగును జూచిన నాఁటి చదువరి విస్మయము మనకు దక్కదు. చేర్చిన పుటలకు సంవత్సరము వేఱుగా సూచింపవలయును.