ఎర్రచందనానికి ఉలి తెచ్చే విలువ

ఎర్రచందనం మాట పత్రికల్లో వచ్చిందంటే దాని వెంట దొంగరవాణా, దుంగలు, వేలంపాట తప్పకుండా ఉంటాయి. శేషాచలం, పాలకొండ, లంకమల వంటి తూర్పు కనుమల దక్షిణ కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని చెట్టు ఇది. దాన్ని దుంగలుగా లెక్కపెట్టడానికి మనం అలవాటుపడ్డాం. ఆ చెక్కలోంచి దేవుణ్ణీ, నెమలినీ, పూలతీగనూ పైకి తీసే చేతులు కూడా ఈ కొండల అంచునే ఉన్నాయి. పాత కడప జిల్లాలో రైల్వేకోడూరు దగ్గరి శెట్టిగుంట ఎర్రచందనం బొమ్మలకు పేరుబడ్డ ఊరు. అక్కడి నగిషీ పనిని తెలుసుకుంటే ఈ చెట్టు మీద మన చూపే మారుతుంది.

ముందు చెక్క సంగతి. వానలు తక్కువ పడే రాతినేలలో ఈ చెట్టు చాలా నిదానంగా పెరుగుతుంది. లోపల చేవ పట్టడానికి దశాబ్దాలు కావాలి. బెరడు కింది తెల్లచెక్క బొమ్మకు పనికిరాదు, దాన్ని చెక్కేస్తే ముదురెరుపు చేవ బయటపడుతుంది. నీళ్లలో వేస్తే మునిగిపోయేంత బరువైన చెక్క అది. అంత గట్టిది కాబట్టే వెంట్రుకంత గీతను కూడా పట్టి నిలుపుతుంది. ఎండలో ఆరబెడితే నెర్రెలు విచ్చుతుంది. అందుకే నీడలో, గాలి తగిలేచోట, ఓపిగ్గా ఆరనివ్వాలి. ఆ ఓపికే ఈ విద్యలో మొదటి పాఠం.

రెండో పాఠం పనిముట్లది. బాడిశ, రంపం, కొయ్యసుత్తి, రకరకాల వెడల్పుల్లో ఉలులు, ఆకురాయి ఉంటే చాలు. నేర్చుకోవడానికి వచ్చిన పిల్లవాడికి బొమ్మ వెంటనే చేతికివ్వరు. సానరాయి మీద ఉలి పదును పెట్టడం రావాలి. మొద్దు ఉలి చెక్కను కోయదు, చీలుస్తుంది. ఆ తర్వాత నార తీరును చదవడం. ఎర్రచందనంలో నార ఒకే దిక్కుకు సాగదు, మెలికలు తిరుగుతుంది. నారకు ఎదురుగా ఉలి నడిపితే పెచ్చు లేచిపోతుంది. అలా లేచిన పెచ్చుతో పాటు బొమ్మ ముక్కో వేలో పోతే అతికించి దాచలేం. కాబట్టి దెబ్బ వేసే ముందే మణికట్టుకు దిక్కు తెలియాలి.

ఇక కొలతలు. దేవతామూర్తి చెక్కేటప్పుడు శిల్పశాస్త్రం చెప్పిన తాళమానం పాటిస్తారు. ముఖం పొడవు ఒక తాళం, అంటే పన్నెండు అంగుళాలు. తొమ్మిది తాళాల ఎత్తుండే నవతాళ మూర్తి నూటఎనిమిది అంగుళాలు. ఇక్కడ అంగుళం అంటే స్కేలు మీది అంగుళం కాదు, ఆ బొమ్మ ఎత్తును బట్టి మారే భాగం. అందువల్ల జానెడు బొమ్మకూ నిలువెత్తు విగ్రహానికీ పొంకం ఒకటే. చెక్క ముక్క మీద ముందు నిలువుగా నడిమి గీత గీస్తారు. దాన్ని బ్రహ్మసూత్రం అంటారు. తల, బొడ్డు, పాదాలు అన్నీ ఆ గీతను బట్టే కుదురుతాయి.

బాడిశతో మొరటు ఆకారం తేలాక నగిషీ మొదలవుతుంది. కిరీటం మీది పూసలు, హారాలు, పంచె కుచ్చిళ్లు, తోరణంలోని లతలు. బట్ట మీద సూది పోగును చేర్చుకుంటూ పోతే, చెక్క మీద ఉలి తీసేసుకుంటూ పోతుంది. ఇక్కడ పువ్వును నిలబెట్టేది చుట్టూ తవ్విన లోతు. ఆ లోతులో నీడ పడితేనే రేకు పైకి లేచినట్టు కనిపిస్తుంది. చివరగా గరుకు కాగితంతో నున్నగా రుద్ది, మెరుగు పెడతారు. రంగు పూయాల్సిన పని లేదు. చెక్క సొంత ఎరుపే ఏళ్లు గడిచేకొద్దీ నల్లదనం కలిసి ముదురుతుంది.

ఇలాంటి చెక్కపని మనకు కొత్త కాదు. తిరుపతి యాత్రకు వెళ్లినవారు తెచ్చే ఆలుమగల జంట చెక్కబొమ్మలు మన ఇళ్లలో బొమ్మలకొలువుకు ఎక్కేవి. తిరుపతిలోనే దేవస్థానం నడిపే సంప్రదాయ శిల్పశిక్షణ సంస్థలో రాయి, లోహంతో పాటు కొయ్య చెక్కడం కూడా నేర్పుతారు. నల్లమల అంచున పాత కర్నూలు జిల్లా ఆళ్లగడ్డ రాతిశిల్పానికి పేరు తెచ్చుకుంది. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ శిల్పాలను చూస్తే, ఒక చిన్న ఊరు ఉలి మీద ఆధారపడి తలెత్తుకు బతకగలదని తెలుస్తుంది. కొయ్యపనికీ ఆ గౌరవం దక్కాలి.

అందుకు అడ్డంకి చెక్క దగ్గరే ఉంది. ఎర్రచందనం 1995 నుంచి అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒప్పందం నియంత్రణలో ఉంది. ప్రపంచంలో అంతరించే ముప్పున్న చెట్లలో దాన్ని లెక్కిస్తున్నారు. ఆ నియంత్రణ ఉండితీరాలి, చెట్టు పోతే కళా పోతుంది. శిల్పికి కావలసింది లారీల కొద్దీ సరుకు కాదు. జానెడు ముక్కతోనే వారాల పని దొరుకుతుంది. పట్టుబడి అటవీశాఖ గోదాముల్లో చేరే చెక్కలోంచి చిన్న ముక్కలను సరసమైన ధరకు, సరైన పత్రాలతో శిల్పులకు కేటాయిస్తే కొత్తగా ఒక్క చెట్టూ కొట్టనక్కర్లేదు.

దుంగగా అమ్మితే చెట్టు ఒక్కసారే డబ్బిస్తుంది, అదీ దూరదేశపు కొనుగోలుదారు చెప్పిన లెక్కకు. బొమ్మగా మారితే అదే చెక్క ఇక్కడి పిల్లవాడికి విద్య, ఇక్కడి ఇంటికి కూడు, ఈ నేలకు పేరు అవుతుంది. కొనేవారు చేయగలిగిన సాయం కూడా ఉంది. బొమ్మ తీసుకునేటప్పుడు అది ఎవరి చేతి పనో, చెక్క ఎక్కడిదో అడగాలి. దాని వెనక ఉన్న రోజుల శ్రమకు తగిన ధర బేరమాడకుండా ఇవ్వాలి. కొండను కాపాడటమూ కొండచెంత శిల్పిని కాపాడటమూ వేర్వేరు పనులు కావు.