ఒక్క వంటకం, ఇంటిల్లిపాది శ్రమ

హనోయ్‌లో ఇంటిల్లిపాదీ కలిసి నడిపే ఫో దుకాణాల్లో చాలావాటిలో దొరికేది ఒక్కటే: గొడ్డు ఎముకల రసంలో బియ్యపు నూడుల్స్, పైన మాంసం, ఉల్లికాడలు. ఆ ఒక్కదానికే కట్టుబడటంలోనే వాళ్ల పనితనం ఉందంటాను. ఎముకలను ఒక పొంగు రానిచ్చి, ఆ నీళ్లు పారబోసి, కడిగి మళ్లీ పొయ్యెక్కిస్తారు. నల్లబడేలా కాల్చిన అల్లం, ఉల్లిపాయ, వేయించిన అనాసపువ్వు, దాల్చినచెక్క వేస్తారు. ఆపైన గంటల తరబడి సన్నసెగ. కుతకుతలాడితే రసం మసకబారుతుంది. తేలే తెట్టు తీస్తూనే ఉండాలి. పలుచగా కోసిన పచ్చిమాంసం మీద ఆ రసం పోస్తే గిన్నెలోనే ఉడుకుతుంది.

ఫ్యాక్టరీలోనూ అంతసేపు మరిగించవచ్చు కదా అంటారు. మరిగించవచ్చు. కానీ ఏ పూట ఎముకలు ఎలా ఉన్నాయో, చేపల సాస్ ఎంత పడాలో రోజూ రుచి చూసే నాలుకకే తెలుస్తుంది. ఇది మార్పు ఎరగని పాతపద్ధతీ కాదు. 1954లో వియత్నాం రెండుగా చీలాక ఉత్తరాది వాళ్లు సైగాన్‌కు వలస వెళ్తే, అక్కడ మొలకలు, తులసిజాతి ఆకులు, నిమ్మ తోడయ్యాయి. ఇంటివాళ్ల చాకిరీకి జీతం ఉండదన్న అభ్యంతరం మాత్రం బలమైనది. దానికి జవాబు గిన్నె ధరలోనే ఉండాలి. 2024లో హనోయ్, నామ్‌దిన్ ప్రాంతాల ఫోలను వియత్నాం జాతీయ సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. అలాంటి వంటను చౌక అని మెచ్చుకోవడం మానేసి, తగిన ధర ఇచ్చి తినాలి.